మూడు పుస్తకాలు, ఒక ఘర్షణ లెక్క: ఫిజిక్స్ టెక్స్ట్‌బుక్ ఎంపికపై ఒక కేస్ స్టడీ

"మేడం, ఏ బుక్ కొనమంటారు?"

ఫిజిక్స్ చెప్పించుకోవడానికి కొత్తగా వచ్చే పిల్లల్లో చాలామంది మొదటి రోజే అడిగే మాట ఇది. ఈ అమ్మాయి కూడా అదే అడిగింది. కాకపోతే అప్పటికే ఆమె బ్యాగులో మూడు పుస్తకాలున్నాయి. స్కూలు చివరి రెండేళ్ల చదువులో సగం దాటింది, ఫైనల్ పరీక్షకు ఇంకా పదకొండు నెలలుంది. నిర్వచనాలు, డెరివేషన్లు అడిగితే పూర్తి మార్కులు తెచ్చుకుంటుంది. ఇంతకు ముందు చూడని లెక్క ఇస్తే మాత్రం పెన్ను కదలదు. "చదువుతున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది మేడం. పేపర్ ముందు కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు" అంది.

నాలుగో పుస్తకం పేరు చెప్పి పంపించేయడం తేలిక. ఆ రోజు ఆ పని చేయలేదు గానీ, వారం తిరక్కుండానే దాదాపు అలాంటి తప్పే చేశాను. దాన్నీ ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో నేను ఎక్కువగా నేర్చుకున్నది ఆ తప్పు నుంచే.

ఆమె దగ్గరున్న మూడింటిలో మొదటిది సూత్రాలనీ ముఖ్యమైన పాయింట్లనీ డబ్బాలు గీసి ఇచ్చే సన్నటి గైడు. పేజీల నిండా హైలైటర్ గీతలే. రెండోది యూనివర్సిటీ మొదటి ఏడాది వాళ్ల కోసం రాసిన లావుపాటి పుస్తకం, బంధువుల అబ్బాయి వాడుకుని ఇచ్చాడట. మూడోది స్కూల్లో ఇచ్చిన మామూలు పాఠ్యపుస్తకం. దాని అట్ట ఇంకా నిగనిగలాడుతోంది, వెన్ను కూడా విరగలేదు. "ఇది ఈజీగా ఉంటుందని ఎవరూ చదవరు మేడం" అంది.

మొదటి రోజు చూసింది

పుస్తకాలు పక్కన పెట్టించి ఒక లెక్క ఇచ్చాను. 5 కిలోల దిమ్మ గరుకు నేల మీద ఉంది. స్థైతిక ఘర్షణ గుణకం, అంటే కదలకముందు నేల ఎంత గట్టిగా పట్టి ఉంచగలదో చెప్పే సంఖ్య, 0.4. దాన్ని 10 న్యూటన్ల బలంతో అడ్డంగా నెట్టాం, కదల్లేదు. ఘర్షణ బలం ఎంత?

అర నిమిషంలో జవాబు రాసేసింది. 0.4 ఇంటూ 5 ఇంటూ 9.8, మొత్తం 19.6 న్యూటన్లు. కింద రెండు గీతలు కూడా కొట్టింది.

తప్పని చెప్పలేదు. "నువ్వు కుడివైపుకి 10 న్యూటన్లతో నెడుతున్నావు, నేల ఎడమవైపుకి 19.6 న్యూటన్లతో నెడుతోంది. మరి దిమ్మ ఎటు కదలాలి?" అని అడిగాను. కాసేపు బొమ్మ వైపు చూసింది. "ఎడమవైపుకి. అంటే... నెట్టినవాళ్ల మీదికే వచ్చేస్తుందా?" అని తనే ఆగిపోయింది. కదలని దిమ్మ మీద ఘర్షణ నెట్టినంతే ఉంటుంది, ఇక్కడ 10 న్యూటన్లే. 19.6 అనేది దాని పైహద్దు. 15తో నెడితే ఘర్షణ కూడా 15 అవుతుంది, 19.6 దాటాక జారుతుంది.

గైడు తీసి ఘర్షణ పేజీ చూశాం. రంగు డబ్బాలో "ఘర్షణ బలం = గుణకం × అభిలంబ బలం" అని పెద్ద అక్షరాల్లో ఉంది. అభిలంబ బలమంటే నేల దిమ్మను పైకి నెట్టే బలం. ఇది గరిష్ఠ ఘర్షణకే వర్తిస్తుందన్న మాట అర పేజీ కింద, మామూలు వాక్యంలో ఉంది. ఆ వాక్యం మీద హైలైటర్ పడలేదు. డబ్బా మీద పడింది.

తర్వాత, దారానికి కట్టి అడ్డంగా వృత్తంలో తిప్పుతున్న బంతి మీద పనిచేసే బలాలు గీయమన్నాను. మూడు బాణాలు గీసింది: బరువు, దారం తన్యత (దారం లాగే బలం), అభికేంద్ర బలం (కేంద్రం వైపు లాగే బలం). ఈ మూడోది విడిగా ఎక్కడా లేదు. తన్యతలో కేంద్రం వైపు ఉన్న భాగానికే ఆ పేరు. చివరగా 12 వోల్టుల బ్యాటరీ, 1 ఓం అంతర్నిరోధం (బ్యాటరీ లోపలి నిరోధం), బయట 5 ఓంల నిరోధం ఇచ్చి టెర్మినల్ వోల్టేజి, అంటే బ్యాటరీ కొసల మధ్య ఉండే వోల్టేజి అడిగాను. 2 ఆంపియర్లు, 10 వోల్టులు అని తడుముకోకుండా చెప్పింది. అంటే సూత్రం చేతికిస్తే లెక్క చేయగలదు. ఏ సూత్రం వాడాలో, అది ఎప్పుడు చెల్లదో తనే తేల్చుకోవాల్సి వస్తేనే ఆగిపోతోంది.

దీన్ని ఖాయం చేసుకోవడానికి నేను తరచూ చేయించే పని ఒకటుంది. ఇరవై లెక్కలు ఇరవై చీటీల మీద రాసి, సాధించకుండా ఒక రకానివన్నీ ఒక చోట పెట్టమంటాను. 1981లో మిషెలీన్ చీ, ఫెల్టోవిచ్, గ్లేజర్ అనే పరిశోధకులు ఫిజిక్స్ లెక్కలతో ఇలాంటిదే చేయించారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు బొమ్మను బట్టి, అంటే వాలుతలం, స్ప్రింగు, కప్పీ అంటూ విడదీశారు. ఆరితేరినవాళ్లు శక్తి నిత్యత్వం, న్యూటన్ రెండో నియమం అంటూ సూత్రాన్ని బట్టి విడదీశారు. ఈ అమ్మాయి కప్పీలన్నీ ఒక కుప్ప, స్ప్రింగులన్నీ ఒక కుప్ప చేసింది. స్ప్రింగు ఉన్న రెండు లెక్కల్లో ఒకటి శక్తితోనూ ఇంకొకటి బలాలతోనూ తేలేవి. రెండూ ఒకే కుప్పలో ఉన్నాయి.

నేను చేసిన తప్పు

లెక్కల దగ్గర ఇబ్బంది కాబట్టి లెక్కల పుస్తకమే మందు అనుకున్నాను. కష్టమైన లెక్కలకు బాగా పేరున్న ఒక పుస్తకం నా అల్మరాలో ఉంటే తీసి ఇచ్చాను. ఎందరో పిల్లలు దానితోనే పైకొచ్చారు. మూడు వారాలు చేయమన్నాను.

మూడు వారాల తర్వాత నోట్‌బుక్ చూస్తే గుండె జారిపోయింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. సొంతంగా లెక్క చేసినవాళ్ల నోట్‌బుక్ అలా ఉండదు. "మొదటి అయిదు నిమిషాలు చూస్తా మేడం, రాకపోతే వెనకాల సొల్యూషన్ చూసి రాస్తా" అని నిజాయితీగానే చెప్పింది. ఆ పుస్తకంలో ఒక్కో అధ్యాయానికి సాధించి చూపినవి రెండు మూడు లెక్కలే. ఆ వెంటనే వందకు పైగా ప్రశ్నలు. ఎలా మొదలుపెట్టాలో తెలిసినవాళ్లకు అది వరం. ఈమెకు తెలియనిదే అది.

స్వెల్లర్, కూపర్ 1985లో ఆల్జీబ్రాతో చేసిన ప్రయోగాలు నాకు తెలియనివి కావు. కొత్తగా నేర్చుకునేవాళ్లు లెక్కలన్నీ తామే కుస్తీ పట్టి చేయడం కన్నా, సాధించిన లెక్కలను శ్రద్ధగా పరిశీలిస్తూ మధ్యమధ్యలో చేసుకుంటే త్వరగా, తక్కువ తప్పులతో నేర్చుకున్నారు. ఈ అమ్మాయి విషయంలో దాన్ని గుర్తు తెచ్చుకోవాల్సిన సమయంలో పుస్తకానికున్న పేరు చూసి ఇచ్చేశాను. పదకొండు నెలల్లో మూడు వారాలంటే చిన్న నష్టం కాదు. ఆమెకు సారీ చెప్పి పుస్తకం వెనక్కి తీసుకున్నాను. ఆరు నెలల తర్వాత మళ్లీ ఇస్తానని కూడా చెప్పాను.

పుస్తకాలను పరీక్షించిన తీరు

ఈసారి ముందు పుస్తకాలకే పరీక్ష పెట్టాను. టెక్స్ట్‌బుక్‌ను ముందుమాట నుంచి చదివి అంచనా వేయడం వల్ల లాభం లేదు, ముందుమాటలన్నీ బాగానే ఉంటాయి. పిల్లలు ఎక్కువగా జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి, నేను నేరుగా ఆ పేజీలే తెరుస్తాను.

మొదట ఘర్షణ పేజీ. స్థైతిక ఘర్షణను "ఇంతకు మించదు" అని హద్దుగా చెబుతోందా, లేక సమీకరణంగా ఇచ్చి వదిలేస్తోందా? స్కూలు పుస్తకం హద్దుగానే చెప్పింది. పైగా నెట్టే బలం పెరిగేకొద్దీ ఘర్షణ ఎలా మారుతుందో గ్రాఫ్ గీసింది: ఏటవాలుగా పైకి ఎక్కే గీత, కొస దగ్గర చిన్న పతనం, ఆ తర్వాత సమతలం. ఆ ఒక్క గ్రాఫ్ మొదట్లోనే చూసి ఉంటే ఈ అమ్మాయి 19.6 రాసేది కాదని నా నమ్మకం.

ఆ తర్వాత కెపాసిటర్, అంటే రెండు పలకల మీద విద్యుదావేశాన్ని నిల్వ చేసే పరికరం. పలకల మధ్య రోధకం (విద్యుత్తు ప్రవహించనివ్వని పదార్థం) దూర్చినప్పుడు బ్యాటరీ కలిపి ఉందా, తీసేశామా అన్నది పుస్తకం అడిగి తీరాలి. తీసేస్తే ఆవేశం మారదు, వోల్టేజి రోధక స్థిరాంకం రెట్లు తగ్గుతుంది, నిల్వ ఉన్న శక్తి కూడా అన్ని రెట్లే తగ్గుతుంది. కలిపే ఉంటే వోల్టేజి మారదు, ఆవేశం, శక్తి రెండూ అన్ని రెట్లు పెరుగుతాయి. గైడులో ఈ రెండూ ఒక పట్టికలో ఉన్నాయి, బట్టీ పట్టడానికి వీలుగా. లావు పుస్తకం ఇంకో అడుగు వేసి, బ్యాటరీ తీసేసినప్పుడు తగ్గిన శక్తి ఎక్కడికి పోయిందని అడిగింది. క్షేత్రం రోధకాన్ని లోపలికి లాక్కుంటుంది, ఆ పని చేయడానికే అది ఖర్చయింది. ఆ ప్రశ్న అడిగిన పుస్తకం మీద నాకు గౌరవం పెరిగింది.

విమానం రెక్క పేజీ కూడా చూస్తాను. రెక్క పైనుంచి, కిందనుంచి వెళ్లే గాలి ఒకేసారి వెనక అంచుకు చేరాలి కాబట్టి పైగాలి వేగంగా పోతుందని కొన్ని పుస్తకాలు రాస్తాయి. అలా చేరాలన్న నియమమే లేదు. నిజానికి పైగాలి ముందే చేరుతుంది. లావు పుస్తకంలో ఈ తప్పు లేదు, గైడులో ఉంది.

ప్రమాణాల అధ్యాయం పుస్తకం వయసు చెబుతుంది. 2019 మే 20 నుంచి కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకం ద్వారా, ఆంపియర్‌ను ఎలక్ట్రాన్ ఆవేశం విలువ ద్వారా నిర్వచిస్తున్నారు. లావు పుస్తకంలో ఇంకా పాత నిర్వచనాలే, కిలోగ్రాముకు ప్లాటినం-ఇరిడియం దిమ్మ, ఆంపియర్‌కు రెండు సమాంతర తీగలు ఉన్నాయి. దీన్నొక్కదాన్ని పట్టుకుని పుస్తకాన్ని పక్కన పెట్టడం సరికాదు, న్యూటన్ నియమాల అధ్యాయం పాతబడదు కదా. ఆ పేజీలో కొత్త నిర్వచనాలు రాసిన చీటీ అంటించుకోమన్నాను, అంతటితో ఆ సమస్య తీరింది.

వెనకాల ఇచ్చే జవాబులు కూడా నమ్మదగినవో కాదో చూడాలి. ఒక్కో పుస్తకం నుంచి పది లెక్కలు ఏరి నేనే చేశాను. గైడులో రెండు జవాబులు తప్పు. తన మీద తనకు నమ్మకం తక్కువగా ఉన్న పిల్లకు ఇది చాలా హాని చేస్తుంది. సరిగ్గా చేసిన లెక్కనే కొట్టేసి, తప్పు జవాబు వచ్చేదాకా తంటాలు పడుతుంది.

సిలబస్‌తో పోల్చి చూడటం ఒక పూట పని. పరీక్ష పెట్టే బోర్డు ఇచ్చిన సిలబస్ ముందు పెట్టుకుని ఒక్కో అంశానికి పేజీ నంబరు రాసుకుంటూ పోయాం. స్కూలు పుస్తకంలో ప్రయోగ దోషాల లెక్క సన్నగా ఉంది, సెమీకండక్టర్ల భాగం హడావుడిగా ముగిసింది. మిగతాదంతా ఉంది.

అసలు తేడా గణితం దగ్గర బయటపడింది. లావు పుస్తకం రెండో అధ్యాయం నుంచే సమాకలనం (ఇంటిగ్రేషన్) వాడుతుంది. ఈ అమ్మాయికి అప్పటికి గణితంలో దానికి ముందు వచ్చే అవకలనమే (డిఫరెన్సియేషన్) పూర్తవలేదు. మారే బలం చేసే పని గురించి చదువుతూ ఆమె ఆగిపోయింది ఫిజిక్స్ దగ్గర కాదు, సమాకలనానికి వాడే ఆ పొడవాటి గుర్తు దగ్గర. స్కూలు పుస్తకం అదే విషయాన్ని ముందు గ్రాఫ్ కింది వైశాల్యంగా చూపించి, తర్వాత సమాకలనంగా రాసింది. ఆమెకు అలా కావాలి.

రెండు వారాల పాటు చిన్న ట్రయల్ పెట్టాం. ఆమె ఇంకా చదవని మూడు భాగాలు తీసుకుని, ఒక్కోదాన్ని ఒక్కో పుస్తకంలో చదవమన్నాను. మర్నాడు పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి, వారం తర్వాత మళ్లీ రాయాలి. ఈ వారం గడువు ముఖ్యం. రోడిగర్, కార్పికీ 2006లో చూపించింది ఇదే: మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాతి పరీక్షలో ముందున్నారు గానీ, వారం తర్వాత చూస్తే ఒకసారి చదివి గుర్తు చేసుకుంటూ రాసినవాళ్లే ముందున్నారు. గైడుతో చదివిన భాగం మర్నాడు అద్భుతంగా రాసింది, వారానికి సూత్రాలు మిగిలి వాటి షరతులు పోయాయి. లావు పుస్తకంలో చదివినది మొదటి రోజే సగం. స్కూలు పుస్తకంలో చదివినది వారం తర్వాత కూడా తన సొంత మాటల్లో రాసింది. మూడు భాగాలూ సమానమైనవి కావు కాబట్టి దీన్ని కొలతగా చెప్పను. కానీ ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాక ఆమెకూ నాకూ సందేహం మిగల్లేదు.

కొత్త పుస్తకం కొనాల్సిన పనే లేకపోయింది.

వాడిన పద్ధతి

స్కూలు పుస్తకం మూల గ్రంథం. స్థిర విద్యుత్, భ్రమణ చలనం మాత్రం పాఠం అయ్యాక లావు పుస్తకంలో కూడా చదవాలి. గైడు పరీక్షకు ముందు వారం దాకా ముట్టుకోకూడదు.

సాధించిన లెక్క చదివేటప్పుడు సొల్యూషన్ మీద కాగితం కప్పి, ముందు ఒక్క వాక్యం రాయాలి: ఇక్కడ ఏ నియమం వాడాలి, ఎందుకు? అప్పుడు కాగితం ఒక్కో లైను కిందికి జరుపుతూ పోవాలి. స్కూలు పుస్తకంలో నాకు నచ్చిన గుణం, లెక్క అయిపోయాక జవాబును పరీక్షించడం. వాలుతలం మీద జారే దిమ్మకు త్వరణం, జీ ఇంటూ (సైన్ తీటా మైనస్ మ్యూ కాస్ తీటా) అని తేల్చాక (జీ గురుత్వ త్వరణం, తీటా వాలు కోణం, మ్యూ ఘర్షణ గుణకం), తీటా 90 డిగ్రీలైతే ఏమవుతుందని అడుగుతుంది. జీ వస్తుంది, దిమ్మ నేరుగా కింద పడుతుంది, సరిపోయింది.

ఒక సాయంత్రం ఆమె తనంతట తానే తీటా 10 డిగ్రీలు, మ్యూ 0.4 వేసి చూసింది. "మైనస్ 2.16 వచ్చింది మేడం. వాలు మీద పెట్టిన దిమ్మ పైకి ఎక్కుతుందా?" అని అడిగింది. జవాబు చెప్పకుండా కూర్చున్నాను. రెండు నిమిషాలు గడిచాయి. "కాదు. ఇది జారుతున్నప్పటి సూత్రం. ఇక్కడ అసలు జారదు. ఆ రోజు 10 న్యూటన్ల లెక్కలాగే!" అంది. వెంటనే లెక్క వేసింది. 5 కిలోల దిమ్మను ఆపడానికి కావాల్సింది 8.5 న్యూటన్లు, ఘర్షణ పైహద్దు 19.3. కాబట్టి ఘర్షణ 8.5 మాత్రమే. ఎంత వాలు దాకా ఆగుతుందో కూడా తేల్చింది, దాదాపు 21.8 డిగ్రీలు. ఇన్నేళ్ల పాఠాల్లో నాకు మిగిలిపోయే సాయంత్రాల్లో అదొకటి.

నాలుగో నెలలో వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. "మిగతా పిల్లలు నాలుగైదు పుస్తకాలు చేస్తున్నారట, ఈ ఒక్క స్కూలు పుస్తకంతో సరిపోతుందా మేడం? మాకు టెన్షన్‌గా ఉంది" అన్నారు. ఆ టెన్షన్‌లో తప్పేం లేదు. సిలబస్ మీద మేం రాసుకున్న పేజీ నంబర్ల కాగితాన్ని పంపాను. ఖాళీగా ఉన్న రెండు చోట్లనూ దేనితో నింపుతున్నామో కూడా రాశాను. దోషాల లెక్క నేనే ప్రయోగాలతో చెప్పాను. లోలకం పొడవులో 1 శాతం, ఆవర్తన కాలంలో 2 శాతం దోషం ఉంటే, కాలానికి వర్గం ఉంది కాబట్టి జీ విలువలో గరిష్ఠంగా 5 శాతం వస్తుందని ఆమె చేతే తేల్చించాను. ఆవిడ మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

ఆరో నెలలో కష్టమైన లెక్కల పుస్తకం మళ్లీ ఇచ్చాను, మాట ఇచ్చినట్టే. ఈసారి నోట్‌బుక్ నిండా కొట్టివేతలు. మూడు వారాలకోసారి పాత ప్రశ్నపత్రం గడియారం పెట్టి రాయించాను. ప్రతి తప్పు పక్కన కారణం రాయాలి: నియమం ఎంపికా, గణితమా, ప్రశ్న సరిగ్గా చదవకపోవడమా. మొదట్లో ఎంపిక తప్పులే ఎక్కువ, చివరికొచ్చేసరికి గణితపు తప్పులు ఎక్కువయ్యాయి. నాకు ఆ మార్పే కావాలి.

ఫలితం

పరీక్షకు నెల ముందు అవే ఇరవై చీటీలు మళ్లీ ఇచ్చాను. స్ప్రింగు లెక్కలు రెండూ ఈసారి వేర్వేరు కుప్పల్లోకి వెళ్లాయి. భ్రమణం ఉన్నవాటిని మాత్రం ఇంకా చక్రం, గోళం అంటూ బొమ్మను బట్టే పెట్టింది. ఫైనల్లో ఆమె కోరుకున్న గ్రేడ్ వచ్చింది. ఇందులో పుస్తకం వాటా ఎంతో విడదీసి చెప్పలేను. అదే సమయంలో గణితంలో సమాకలనం పూర్తయింది, దాని సాయం పెద్దది. రోజూ కాగితం కప్పి కూర్చున్న ఓపిక ఆమెదే.

ఆఖరి మాక్ టెస్టు కాగితం నా దగ్గర దాచుకున్నాను. వాలు మీద జారకుండా దొర్లుతున్న ఘన గోళం మీద ఘర్షణ బలం ఎంత అన్నది ప్రశ్న. ముందు మ్యూ ఇంటూ అభిలంబ బలం అని రాసింది. దాని మీద అడ్డంగా గీత కొట్టింది. పక్కనే పెన్సిల్‌తో "జారడం లేదు కదా" అని రాసుకుంది. కింద మూడు లైన్లలో సరైన జవాబు ఉంది: బరువు ఇంటూ సైన్ తీటాలో ఏడింట రెండు వంతులు.